రైజెన్ 5 అంటే ఏ రైజెన్?

హేమ: నమస్కారం, తిరుపతి నుంచి హేమ, ముని. ఈసారి కీబోర్డు పక్కన అంటించే స్టిక్కర్ల సంగతి మాట్లాడుకుందాం: ఈవో, కోపైలట్ ప్లస్, వీప్రో. ముని, ర్యామ్ మాట మాత్రం చివర్లోనే.

ముని: చూస్తాంలే అక్కా. ముందు పలమనేరు నుంచి ఒక తండ్రి పంపిన మెసేజ్ చదువుతా. పాప బీటెక్‌లో చేరతా ఉందంట. అంగట్లో రెండు ల్యాప్‌టాప్‌లు చూపించినారు, రెండిటి మీదా ప్రాసెసర్ పేరు రైజెన్ 5 అనే ఉండాది. ఒకటి 7520యూ, ఇంకోటి 7530యూ. పది నంబర్ల తేడాయే గదా, అగ్గవది తీసుకుందామా అని అడగతా ఉండాడు.

హేమ: ఆ పదిలోనే ఉంది అసలు కథ. రైజెన్ చేసే కంపెనీ ఏఎండీ 2023 మోడళ్ళకి పెట్టిన పద్ధతిలో మొదటి అంకె మోడల్ సంవత్సరం, 7 అంటే 2023. రెండోది తరగతి. మూడో అంకె లోపలి డిజైన్, దాన్ని జెన్ అంటారు. అక్కడ 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 లేకపోతే 3 ప్లస్, 4 ఉంటే జెన్ 4.

ముని: జెన్ 2 వచ్చింది 2019లో. దానికి 2023 అంకె తగిలిస్తే అది మోసం గాదా?

హేమ: మోసమని ఎట్లంటావు? ఏ అంకెకి ఏం అర్థమో వాళ్ళే పట్టిక వేసి చూపించినారు గదా.

ముని: ఆ పట్టిక అంగట్లో ఎవురు వేలాడదీస్తారక్కా? పెట్టె మీద పెద్దగా కనపడేది రైజెన్ 5, దాని ఎనక 7. మూడో అంకె చూడల్లని తండ్రికి ఎవురు చెప్పల్ల? 7520యూలో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, నాలుగే. 7530యూలో ఆరు. ఇంకా ఘోరం ఏందంటే, 7520యూకి ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామే పడతాది. అది బోర్డు మీద అతికించే వస్తాది. 8 జీబీది కొంటే ఆ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్ళూ 8 జీబీనే.

హేమ: వచ్చేసింది ర్యామ్! రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

ముని: రాక తప్పదు. అంగట్లో ఆన్ చేసి చూపించమని అడగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తాది. పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ మీద నొక్కండి. కింద ఫామ్ ఫ్యాక్టర్ అనే చోట ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించిందే. ‘ఎస్ఓడిమ్’ అనుంటే తీసి మార్చచ్చు. స్లాట్స్ యూజ్డ్ దగ్గర ‘1 ఆఫ్ 2’ ఉంటే తర్వాత ఇంకో స్టిక్కు వేసుకోవచ్చు.

హేమ: ఆ స్లాట్ల లైను ఒక్కటే నమ్మి డబ్బు కట్టొద్దు. కొన్ని బోర్డుల్లో అతికించిన చిప్‌లని కూడా స్లాటు కింద లెక్కేసి చూపిస్తాది. కంపెనీ సైట్‌లో పూర్తి మోడల్ నంబర్ కొట్టి స్పెసిఫికేషన్ కూడా చూడల్ల.

ముని: అది నిజమే. పలమనేరాయనకి నా మాట: 7530యూ తీసుకోండి, ఖాళీ స్లాటు ఉంటేనే. లేదంటే 16 జీబీ ఉన్నదే చూడండి. రెండు స్టిక్కులైతే బొమ్మల వేగం కూడా పెరగతాది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న మిషన్‌లో ఒకే స్టిక్కు ఉంటే విండోస్ దాన్ని యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే చూపిస్తాది. రెండోది వేస్తే పేరే మారతాది.

హేమ: ఏఎండీనే తిడతా ఉండావు, ఇంటెల్ ఏమన్నా తక్కువా? 2023 డిసెంబరులో ‘ఐ’ తీసేసి కోర్, కోర్ అల్ట్రా అని రెండు వరసలు పెట్టినారు. కోర్ 5 210హెచ్ చూడు, పేరు కొత్తది, లోపల రాప్టర్ లేక్ అనే పాత డిజైన్. పదమూడో తరం సరుకే.

ముని: అది చెడ్డదేం గాదు. ధర తగ్గితే కోడింగ్‌కి బాగానే పనికొస్తాది.

హేమ: కొత్తదని ఎక్కువ దుడ్లు తీసుకుంటే? ఈ పిల్లోళ్ళలో సగం మంది అప్పు చేసి కొంటా ఉండారు ముని. కోపం రాదా?

ముని: వస్తాది. అందుకే గదా నేను అరిచేది.

హేమ: సరే, స్టిక్కర్లు. ఈవో చిప్పు పేరు గాదు, ఇంటెల్ 2020లో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ గుర్తు, అంటే మొత్తం ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది. నిద్ర నుంచి గబాల్న లేవడం, బ్యాటరీ, వైఫై అన్నీ చూసి ఇస్తారు. 2003లో ఇంటెల్‌ది సెంట్రినో అనే గుర్తు వచ్చినప్పుడూ అంతే. ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడూ ఇంటెల్‌వే అయితేనే ఆ గుర్తు. కోపైలట్ ప్లస్ మైక్రోసాఫ్ట్‌ది: ఏఐ పనులు చేసే చిప్పు భాగం ఎన్‌పీయూ 40 టాప్స్, అంటే సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు, ర్యామ్ 16 జీబీ కనీసం ఉండల్ల. వీప్రో ఇంటెల్‌దే, ఆఫీసు మిషన్లకి, పిల్లోళ్ళకి దాంతో పన్లే.

ముని: ఆడ కూడా ఒక్క నంబర్‌లోనే దెబ్బ. ఇంటెల్ కోర్ అల్ట్రా 5 226వీలో ఎన్‌పీయూ 40 టాప్స్, 225హెచ్‌లో 13. రెండూ అల్ట్రా 5లే. 226వీ ర్యామ్ చిప్పుతో పాటే వస్తాది, 16 జీబీ. 32 కావాలంటే 228వీ తీసుకోవల్ల. తర్వాత పెంచేదానికి...

హేమ: ర్యామ్ చాలు. క్వాల్‌కామ్ వాళ్ళ ఆర్మ్ రకం చిప్పు స్నాప్‌డ్రాగన్ గురించి అడిగినోళ్ళు చానామంది ఉండారు.

ముని: దాంట్లో మామూలు ప్రోగ్రాములు చానావరకు ఎమ్యులేషన్‌తో, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్పు మాదిరి నటించి, నడుస్తాయి. పరికరాలని నడిపే డ్రైవర్లే ఇబ్బంది, పాతవి ఎక్కవు. ల్యాబ్ బోర్డుకి ఆర్మ్64 డ్రైవర్ ఉందో లేదో కాలేజీలో అడిగినాకనే...

హేమ: ఈసీఈ వాళ్ళకైతే ఆ లిస్టు ఇంకా చాంతాడంత ఉంటాది. వాళ్ళ సాఫ్ట్‌వేర్ లిస్టు పంపమను, అది పట్టుకుని చూద్దాం.