అడ్రినలిన్ ఇంజెక్షన్: లేబుల్ చదవడం నుంచి హ్యాండోవర్ దాకా

అందరికీ నమస్కారం. అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే తీవ్రమైన అలర్జీ కేసులో ఎమర్జెన్సీ రెస్పాండర్ అడ్రినలిన్ ఎలా ఇవ్వాలో ఈ వీడియోలో చూద్దాం. మీ సర్వీస్ ప్రోటోకాల్ అనుమతిస్తేనే ఇవ్వాలి, అందులో ఉన్న డోసే ఇవ్వాలి.

ముందు ఈ మందు ఏం చేస్తుందో తెలియాలి. తీవ్రమైన అలర్జీలో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, గొంతు వాస్తుంది, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. అడ్రినలిన్ రక్తనాళాలను కుదించి బీపీ పెంచుతుంది, వాపు తగ్గిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది. అలర్జీ మాత్రలు దురద, దద్దుర్లు తగ్గిస్తాయే తప్ప ఈ పని చేయలేవు. ముందు మాత్ర వేసి చూద్దాంలే అనుకుంటే విలువైన నిమిషాలు పోతాయి.

ఇప్పుడు ఈ యాంప్యూల్‌ని, అంటే మందు ఉన్న ఈ చిన్న గాజు బుడ్డీని దగ్గరగా చూడండి. 1 ఎంఎల్‌లో 1 మిల్లీగ్రామ్ అని ఉంది. పాత లేబుళ్ల మీద ఇదే 1:1000 అని కనిపిస్తుంది. పక్కన ఉన్నది ప్రీఫిల్డ్ సిరంజి, అంటే మందు ముందే నింపి ఉన్నది, 10 ఎంఎల్‌లో 1 మిల్లీగ్రామ్, అంటే 1:10,000. పేరు ఒకటే, గాఢతలో తేడా పది రెట్లు. రెండోది గుండె ఆగిపోయినప్పుడు నరంలోకి ఇచ్చేది. గుండె కొట్టుకుంటున్న మనిషికి ఈ యాంప్యూల్ డోసు నరంలోకి వెళ్తే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది.

అందుకే లేబుల్ మూడుసార్లు చదవాలి: బ్యాగులోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, గుచ్చే ముందు. మందు పేరు, గాఢత, డోసు, ఎన్ని ఎంఎల్, ఏ మార్గంలో, ఎక్స్‌పైరీ, అన్నీ పైకి చదవండి. పార్ట్‌నర్ "ఓకే" అంటే సరిపోదు, యాంప్యూల్ తన చేతిలోకి తీసుకుని తనూ చదవాలి. మందు రంగు మారినా, అందులో నలకలు కనిపించినా పక్కన పడేయండి.

డోసు పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రామ్, అంటే ఈ యాంప్యూల్‌లో 0.5 ఎంఎల్, సగమే. పిల్లలకు కేజీకి 0.01 మిల్లీగ్రామ్. 15 కేజీల పిల్లాడికి 0.15 మిల్లీగ్రామ్, అంటే 0.15 ఎంఎల్. దీనికి 1 ఎంఎల్ సిరంజే వాడండి. 5 ఎంఎల్ సిరంజి మీద ఒక్కో గీత 0.2 ఎంఎల్, అందులో 0.15 కొలవలేం. డోసు రాసేటప్పుడు చుక్క ముందు సున్నా వదిలేయకండి. తొందరలో ఆ చుక్క కనబడకపోతే .5 కాస్తా 5 అయిపోతుంది.

యాంప్యూల్ తలమీద వేలితో తట్టి మందును కిందికి దించండి. మెడకు గాజ్ చుట్టి, మీకు అవతలి వైపుకి విరవండి. గాజు ముక్కలు రాకుండా ఆపే ఫిల్టర్ నీడిల్‌తో లాగి, నీడిల్ మార్చి, గాలి తీసేయండి.

గుచ్చాల్సింది తొడ మధ్యలో, బయటి వైపు కండరంలోకి, 90 డిగ్రీల్లో. చర్మం కింద ఇస్తే ఈ మందే అక్కడి రక్తనాళాలను కుదించేసి, తను రక్తంలోకి చేరడాన్ని తనే ఆలస్యం చేసుకుంటుంది. తొడ కండరానికి రక్త సరఫరా ఎక్కువ, అందుకే అక్కడ త్వరగా అందుతుంది.

గుండె దడ, చేతుల వణుకు వస్తాయని పేషెంట్‌కి ముందే చెప్పండి, లేకపోతే భయపడిపోతారు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఆయాసం ఎక్కువుంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. బాగానే ఉందన్నా లేపి నడిపించొద్దు, ఉన్నట్టుండి బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. నీడిల్‌కి మళ్లీ క్యాప్ పెట్టకుండా నేరుగా షార్ప్స్ బాక్సులో, అంటే వాడిన సూదులు వేసే గట్టి డబ్బాలో వేయండి.

ఇచ్చిన టైమ్ వెంటనే రాయండి. 5 నిమిషాల్లో మార్పు లేకపోతే ప్రోటోకాల్ ప్రకారం రెండో డోసు ఇవ్వాలి, టైమ్ రాయకపోతే ఆ లెక్క తప్పుతుంది. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ రావచ్చు. హ్యాండోవర్‌లో, అంటే పేషెంట్‌ని ఆసుపత్రి వాళ్లకు అప్పగించేటప్పుడు, డోసు, టైమ్, ఏ తొడలో ఇచ్చారు, ఇచ్చాక బీపీ, శ్వాస ఎలా ఉన్నాయి అన్నది చెప్పి, వాడిన యాంప్యూల్ కూడా చూపించండి.