ఒకే మాయ పంచుకున్న కవలలు: ఒకరికి రక్తం ఎక్కించాలి, మరొకరికి తగ్గించాలి

[తెరపై: ఇద్దరు నవజాత శిశువుల బొమ్మ. ఒకరు పాలిపోయి, మరొకరు ముదురు ఎరుపు రంగులో ఉంటారు.]

నమస్కారం. కవలలిద్దరిలో ఒక బిడ్డ పాలిపోయి, మరో బిడ్డ కందగడ్డలా ఎర్రబడి పుట్టినప్పుడు, మన ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలో దిగులంతా పాలిపోయిన బిడ్డ గురించే ఉంటుంది. ఎర్రగా ఉన్న బిడ్డ పుష్టిగా ఉన్నట్టు పెద్దలు లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పు కావచ్చు. ఇద్దరికీ అదే రోజు, అదే గంటలో రక్తపరీక్ష జరగాలి.

[తెరపై: మాయ పటం. రెండు బొడ్డుతాళ్లు, వాటిని కలుపుతూ సన్నని నాళాలు.]

ఒకే పోలికతో పుట్టే కవలల్లో చాలామంది గర్భంలో ఒకే మాయను (ప్లాసెంటాను) పంచుకుంటారు. ఆ మాయ మీద ఇద్దరి రక్తనాళాలూ అక్కడక్కడా కలుస్తాయి. కలిసే నాళాలు ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉన్నప్పుడు, ఒక బిడ్డ రక్తం వారాల తరబడి కొద్దికొద్దిగా రెండో బిడ్డకు చేరిపోతూ ఉంటుంది. ఉమ్మనీటిలో పెద్ద తేడా కనిపించదు గనుక మామూలు స్కాన్‌లో ఇది తప్పిపోవచ్చు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు 2007లో దీన్ని ‘ట్విన్ అనీమియా పాలిసైథీమియా సీక్వెన్స్’ అనే పేరుతో వివరించారు. క్లుప్తంగా ‘ట్యాప్స్’ అంటారు.

పుట్టాక ఇద్దరి హిమోగ్లోబిన్ మధ్య తేడా డెసీలీటరు రక్తానికి 8 గ్రాములకు మించితే వైద్యులు ట్యాప్స్‌ను అనుమానిస్తారు. అయితే ప్రసవ సమయంలో హఠాత్తుగా రక్తం ఒకవైపు మళ్లినా ఇలాంటి తేడాయే వస్తుంది. ఈ రెండింటినీ విడదీసేది రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా తయారైన ఎర్రకణాల లెక్క. చాలాకాలంగా రక్తం కోల్పోతున్న బిడ్డలో ఇవి బాగా పెరిగి, ఎర్రటి బిడ్డలో ఉన్నదానికి 1.7 రెట్లు దాటుతాయి. మాయను చూసినా ఆనవాలు దొరుకుతుంది: రక్తం ఇచ్చిన బిడ్డ వైపు భాగం పాలిపోయి, పుచ్చుకున్న బిడ్డ వైపు భాగం ముదురు ఎరుపుగా ఉంటుంది. అందుకే మాయను ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో పడేయడానికి ముందు ఒక ఫొటో తీసి ఉంచమని నర్సమ్మగారిని అడగడంలో తప్పు లేదు.

పాలిపోయిన బిడ్డ విషయంలో తొందర ఎంతన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. హఠాత్తుగా రక్తం పోయి నాడి బలహీనపడితే ముందు సెలైన్, వెంటనే రక్తం ఇస్తారు. నెమ్మదిగా రక్తహీనత వచ్చిన బిడ్డలో గుండె అప్పటికే అలసి ఉంటుంది కనుక, కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల ఎర్రకణాలను మూడు నాలుగు గంటలపాటు నిదానంగా ఎక్కిస్తారు.

[తెరపై: బొడ్డు సిరలో సన్నని గొట్టం, సిరంజి.]

ఎర్రటి బిడ్డ సంగతి కొంత చిక్కైనది. రక్తంలో ఎర్రకణాల వాటాను హెమటోక్రిట్ అంటారు. అది 65 శాతం దాటితే రక్తం చిక్కబడి, చిన్న నాళాల్లో కదలడం కష్టమవుతుంది. బిడ్డ వణకడం, పాలు తాగకపోవడం, షుగర్ పడిపోవడం, తర్వాత కామెర్లు కనిపిస్తాయి. మడమ పొడిచి తీసిన చుక్కలో ఈ అంకె ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, సిర నుంచి తీసిన రక్తంతోనే నిర్ధారించుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. రెండు కిలోల బిడ్డలో కిలోకు 80 చొప్పున మొత్తం 160 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. హెమటోక్రిట్ 72 ఉండి, బిడ్డ వణుకుతూ ఉంటే, దాన్ని 55కు దించాలి. 72లో 55 తీసేస్తే 17. 160ని 17తో హెచ్చించి 72తో భాగిస్తే సుమారు 38 మిల్లీలీటర్లు. అంత రక్తాన్ని 5 మిల్లీలీటర్ల చొప్పున తీస్తూ, అంతే కొలతలో నార్మల్ సెలైన్ పంపుతారు. లక్షణాలేవీ లేని బిడ్డకు మాత్రం 75 దాటేవరకు చాలామంది వైద్యులు సెలైన్ ఎక్కించి కనిపెట్టి చూస్తారు. రక్తం మార్చినందువల్ల ఆ బిడ్డకు దీర్ఘకాలంలో మేలు జరుగుతుందని రుజువు లేదు, పైగా పేగులకు ముప్పు ఉంది. నా దృష్టిలో ఈ ఓపికే సరైనది.

‘ఆ తీసిన రక్తాన్నే రెండో బిడ్డకు ఎక్కించవచ్చు కదా’ అని బంధువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ సిరంజిలోకి తీసిన రక్తం గడ్డకడుతుంది, సూక్ష్మక్రిములు చేరే అవకాశం ఉంది. తల్లి నమూనాతో సరిపోల్చి, పరీక్షించిన బ్లడ్ బ్యాంకు సంచి అందుబాటులో ఉండగా ఆ సాహసం అక్కర్లేదు.

మన ప్రాంతంలో ఇలాంటి బిడ్డలను ముందు జిల్లా కేంద్ర ఆసుపత్రిలోని నవజాత శిశు ప్రత్యేక విభాగానికి, అవసరమైతే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకు పంపుతారు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన నవజాత శిశువుకు వైద్యం, రక్తం, రవాణా ఉచితం. పాలిపోయిన బిడ్డనొక్కడినే బండి ఎక్కించి, ఎర్రటి బిడ్డను తల్లి దగ్గర ఉంచేయవద్దు. ఇద్దరి అంకెలనూ ఒకే కాగితం మీద రాయించుకుని, ఇద్దరినీ కలిపి పంపమనండి.

ఇళ్లకు వెళ్లాక మరచిపోయే పని ఒకటుంది. ట్యాప్స్‌లో రక్తం కోల్పోయిన బిడ్డలకు వినికిడి నరాల లోపం రావచ్చని పరిశీలనల్లో తేలింది. ఆసుపత్రిలో మామూలుగా చేసే ఓఏఈ పరీక్ష లోపలి చెవి స్పందనను మాత్రమే చూస్తుంది, ఈ లోపాన్ని పట్టుకోలేదు. దానికి చెవి నుంచి మెదడు దాకా వినికిడి నరాన్ని చూసే ‘బెరా’ పరీక్ష కావాలి, డిశ్చార్జి చీటీ మీద ఆ మాట రాయించుకోండి.