మేఘాల కొండ మీద కెమెరా ఎటు తిప్పాలి?

అందరికీ నమస్కారం.

పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండ నుంచి దిగివచ్చిన ఫొటోల్లో చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. నడిమధ్య తెల్లగా కాలిపోయిన సూర్యుడు, కింద నల్లటి ముద్ద. అంత కష్టపడి చీకట్లో ఎక్కింది లోయ నిండా పాలసముద్రంలా పరుచుకునే మంచు కోసం కదా, అది మాత్రం ఫొటోలో ఉండదు.

అసలు ఆ మంచు ఎప్పుడు పడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల వేడిని త్వరగా వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. పైనున్న వెచ్చని గాలి దానికి మూత పెట్టినట్టు నిలుస్తుంది. వాన కురిసి తెరిపిచ్చిన మర్నాటి రాత్రి, గాలి లేకుండా చుక్కలు స్పష్టంగా కనిపిస్తే తెల్లవారుజామున తప్పకుండా ఎక్కండి. రాత్రంతా మబ్బు కమ్మినా, గాలి వీచినా ఆశలు తక్కువే.

డిసెంబరు నెలాఖరులో అక్కడ సూర్యోదయం దాదాపు 6.25కి. 5.30 కల్లా పైన ఉండాలి. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే మేర) ఎఫ్ 8 పెడితే సూర్యోదయానికి 20 నిమిషాల ముందు షట్టర్ సెకను నుంచి కొన్ని సెకన్ల వరకు తీసుకోవచ్చు. 2 సెకన్ల టైమర్ వాడండి, లెన్స్‌లోని వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి. మంచులో ఆటోఫోకస్ తడుముకుంటుంది. తెర మీద దూరపు కొండ అంచును పెద్దది చేసి చూసుకుని ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కి మార్చేయండి.

ఇక వెలుగు సంగతి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగుగానే లెక్కేస్తుంది. అందుకే సూర్యుడు రాకముందు తెల్లని మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ వరకు, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా పెంచండి. ఎండ తగిలాక వ్యవహారం తలకిందులవుతుంది. తెర మీద వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, కుడి అంచును గుద్దుకుంటుంటే తగ్గించాలి. నీడలను రా ఫైల్లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటోలో) తర్వాత పైకి తేవచ్చు గానీ, కాలిపోయిన తెలుపులో తేవడానికి ఏమీ మిగలదు. ఫోనైతే మెరిసే మేఘం మీద వేలు కాసేపు నొక్కి ఉంచి, వెలుగును కిందికి లాగండి.

నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం దిక్కు. సూర్యుణ్ణి భుజం వైపు ఉంచుకుని పక్కకు తిరగండి. ఏటవాలు ఎండకు ప్రతి మేఘపు అలకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడి లోతు కనిపిస్తుంది. వైడ్ లెన్స్‌లో దూరపు కొండలు చీమల్లా చిన్నవైపోతాయి. దూరాన్ని దగ్గరగా చూపే జూమ్ లెన్స్‌తో 100 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య చూస్తే కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పేరుకుంటాయి. సూర్యోదయం కాగానే జనం దిగిపోతారు. మీరు ఇంకో 40 నిమిషాలు ఆగండి. నేల వేడెక్కి మంచు చీలుతుంటే కింద చెట్ల తలలు ఒక్కొక్కటే బయటపడతాయి, అంత చక్కటి సమయం మళ్లీ రాదు.

ఆ విరిగిన మంచే పైకి లేచి మీ మీదుగా పోతే లెన్స్ చెమ్మగిల్లుతుంది. లెన్స్ ముందు తగిలించే హుడ్ ఉంచండి, మెత్తటి గుడ్డతో అద్దండి. నోటితో ఊదితే చెమ్మ ఇంకా పెరుగుతుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రెండోదాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి దాచుకోండి.