ముందు బ్రేకులు ఇంట్లోనే మార్చుకోవచ్చా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్తే అండీ. ఈరోజు కార్ ముందు బ్రేక్ డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు, వాటిని నొక్కి బండి ఆపే ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం గురించి. మెకానిక్ అన్న స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండి సార్.

కాలర్: హలో... ఆ, హలో, వినపడుతోందా?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించండి సార్.

కాలర్: తగ్గించానమ్మా. మాది పాత స్విఫ్ట్ అండీ, మా అబ్బాయి బెంగళూరు వెళ్తూ నాకొదిలేసి పోయాడు, బ్రేక్ తొక్కితే కీచుమంటోంది, మొన్న బాపట్ల పెళ్ళికెళ్తే దారంతా ఇదే గోల, మా ఆవిడైతే దిగి బస్సెక్కుతానంది. ప్యాడ్లు ఆన్‌లైన్లో తెప్పించా. డిస్కులు కూడా మార్చాలా, ప్యాడ్లు చాలా?

మెకానిక్: కీచు వేరు, గరగర వేరు బాబాయ్ గారూ. కీచుమంటే ప్యాడ్‌కి ఉండే చిన్న రేకు డిస్కుకి తగులుతోందని, అంటే ప్యాడ్ అయిపోవచ్చింది. గరగరమంటే మెటీరియల్ అంతా అరిగిపోయి ఇనుము ఇనుముని గీరేస్తోంది. మీది ఏది?

కాలర్: మొదట కీచే. ఈ మధ్య గరగర కూడా.

మెకానిక్: అలాగే పెళ్ళికెళ్ళొచ్చారా! సరే. డిస్కు మీద మినిమమ్ థిక్‌నెస్ అని ఒక అంకె మిల్లీమీటర్లలో కొట్టి ఉంటుంది. వెర్నియర్, అదే మందం కొలిచే పరికరం, పెట్టి చూడండి. అంచున మెట్టులా మిగిలిపోతుంది, దాని మీద కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది, ప్యాడ్ రాసుకునే చోటే కొలవాలి. ఆ అంకె కన్నా తగ్గితే డిస్క్ తీసెయ్యాల్సిందే, లేత్ పట్టించి లాభం లేదు.

కాలర్: ఇంతకీ ప్యాడ్లు వేసేస్తే సరిపోదంటారా?

మెకానిక్: ఇప్పుడేగా చెప్పాను! కొలవండి. ఇంకోటి, జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కాస్త లూజ్ చేసి, తర్వాత లేపి, బండి బరువు ఆపే ఇనుప స్టాండ్ కింద పెట్టండి. స్టాండ్ లేకపోతే పని మొదలెట్టకండి.

కాలర్: ఎడమ పక్కే గోల, ఆ ఒక్కటే మారిస్తే?

మెకానిక్: వద్దండీ, రెండు పక్కలా మార్చాలి, లేకపోతే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. కాలిపర్, అంటే ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే భాగం, దాని బోల్టులు విప్పాక బ్రేక్ ఫ్లూయిడ్ వచ్చే రబ్బరు హోస్ మీద వేలాడదీయకండి, వైరు ముక్కతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కి కట్టండి. కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని సీ-క్లాంప్‌తో, అదే మర తిప్పి నొక్కే పట్టుతో, మెల్లగా లోపలికి నెట్టండి, మధ్యమధ్యలో బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూసుకోండి, పొంగి బండి మీద పడితే పెయింట్ లేచిపోతుంది. ప్యాడ్ దుమ్ము నోటితో ఊదొద్దు. గ్రీజు కాలిపర్ జారే స్లైడ్ పిన్నులకే, ప్యాడ్ ముఖానికి చుక్క కూడా తగలకూడదు.

కాలర్: మరి ఆ ప్యాడ్లు...

యాంకర్: థాంక్యూ సార్. ఖమ్మం నుంచి.

కాలర్: అన్నా, కొత్త డిస్కులేశా, స్టీరింగ్ వణుకుతంది.

మెకానిక్: హబ్ మీద, అంటే డిస్కు కూర్చునే చోట, తుప్పు గీకావా తమ్ముడూ?

కాలర్: లేదన్నా.

మెకానిక్: అదే అయ్యుంటది. విప్పి వైర్ బ్రష్ కొట్టు. నట్లు ఎదురెదురుగా, ఎంత బిగువో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించు, మాన్యువల్లో ఎంతుందో అంత. కొత్త డిస్క్ మీద నూనె పూత ఉంటది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచావా?

కాలర్: అది తుడిచిన.

యాంకర్: థాంక్యూ. న్యూజెర్సీ నుంచి.

కాలర్: హాయ్ అన్నా, ఇక్కడ షాపు లేబర్ ఇవ్వలేక నేనే చేస్తున్నా. టయోటా క్యామ్రీ. రోడ్ల మీద వింటర్లో ఉప్పు వేస్తారు కదా, రోటర్, అదే మీరనే డిస్కు, హబ్‌కి అతుక్కుపోయింది, సుత్తితో కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయి.

మెకానిక్: ఆపేయ్ నాయనా, చక్రం తిరిగే బేరింగ్ పోతుంది! రోటర్ ముఖం మీద మర ఉన్న చిన్న రంధ్రాలు రెండు ఉన్నాయా చూడు. టయోటాలకి చాలావాటికి ఉంటాయి. వాటిలో ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పు, రోటర్ అదే బయటికి వచ్చేస్తుంది. ముందు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి కాసేపు ఆగు. స్టాండ్ పెట్టావా?

కాలర్: పెట్టానన్నా, రెండు.

మెకానిక్: మంచిది. అందరికీ చెప్తున్నా, పని అయ్యాక బండి కదిలించకముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా మళ్ళీ మళ్ళీ తొక్కండి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది, మొదటి తొక్కు నేలకే పోతుంది. వీధి చివరిదాకా వెళ్ళి చూద్దాంలే అనుకుంటే బ్రేకే ఉండదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకి యాభై కిలోమీటర్ల స్పీడ్ నుంచి పదికి మెల్లగా తగ్గిస్తూ చాలాసార్లు చెయ్యండి, ప్యాడ్ డిస్కుకి సెట్ అవుతుంది.

యాంకర్: ఇంకో కాల్, మళ్ళీ తెనాలి నుంచే?

కాలర్: నేనే అమ్మా. వెర్నియర్ పక్కింటి లేత్ అబ్బాయి దగ్గరుందట. ప్యాడ్లు వెనక్కి పంపెయ్యనా?

మెకానిక్: ప్యాడ్లు ఎలాగూ కావాలి బాబాయ్ గారూ! కొలవమంది డిస్కుని!