మీ షుగర్ బిళ్ల పేరేమిటి?

అందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు మీ మందుల స్ట్రిప్పులు తెచ్చుకోమని ముందే చెప్పాం కదా, తెచ్చినవాళ్లు ఒకసారి బయటకు తీయండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని దగ్గరే చిన్న అక్షరాల్లో ఉన్నది అసలు మందు పేరు. ఈరోజు నేను మాట్లాడేది ఆ చిన్న అక్షరాల గురించే.

ఏం మందు వాడుతున్నారని అడిగితే చాలామంది "షుగర్ బిళ్ల" అంటారు. ఆ ఒక్క మాట కింద అరడజనుకు పైగా రకాలున్నాయి. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. ఒకదానితో ఉన్న ప్రమాదం ఇంకొకదానితో ఉండదు.

ముందు మెట్‌ఫార్మిన్. టైప్ 2 డయాబెటిస్‌లో ఎక్కువమందికి మొదట రాసేది ఇదే. లివర్ తనంతట తాను గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూ ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లలో అవసరానికి మించి వదులుతుంది. ఈ మందు దాన్ని అదుపు చేస్తుంది. ఇదొక్కటే వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవడం అరుదు. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకోమంటాం. రెండు రోజులు కడుపు పాడైందని మానేసి, "ఆ మందు నాకు పడదు" అని తీర్మానించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. అడిగితే నిదానంగా కరిగే రకానికి మార్చేవాళ్లం. ఆ రకం మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు. కాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లేనని వదిలేయకుండా ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

ఇక గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్. మీ స్ట్రిప్పు మీద ఈ మూడిట్లో ఏదైనా ఉంటే ఇది ఇంకాస్త శ్రద్ధగా వినండి. ఇవి పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) చేత, షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వాటికి తెలియదు.

ఓ పెద్దాయన జ్వరంతో రాత్రి ఏమీ తినలేదు. పొద్దున్నే అలవాటు ప్రకారం బిళ్ల వేసుకుని మళ్లీ పడుకున్నారు. ఒళ్లంతా చెమటలు, పొంతన లేని మాటలు. జ్వరం దిగుతోందనుకున్నారు ఇంట్లోవాళ్లు. మా దగ్గరికి వచ్చేసరికి షుగర్ 38. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నారు, ఇంటికి తీసుకెళ్తామన్నారు. నేను పంపలేదు. సాయంత్రానికి మళ్లీ పడింది. వయసు మళ్లినవాళ్లలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది, అందుకని.

చెమట, వణుకు, గుండె దడ, ఆగలేని ఆకలి, తికమక. వీటిలో ఏది కనిపించినా వెంటనే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీస్పూన్ల పొడి, నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. పెరిగాక ఏదైనా తినిపించండి. మీటరు దగ్గర లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకండి, ముందు గ్లూకోజ్ ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్స్ పిలవండి. అకార్బోస్ అని ఇంకో షుగర్ మందుంది, పేగుల్లో పంచదార అరగడాన్ని ఆలస్యం చేస్తుంది. అది కూడా వాడుతున్నవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపించేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులివి. అయితే జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్లు రావచ్చు. దురద ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, మందులతో తగ్గిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ మందు వాడేవాళ్లకు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే, మీటరులో షుగర్ పెద్దగా లేకపోయినా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. షుగర్ బాగానే ఉందిలే అని ఇంట్లో ఆగిపోవద్దు. ఏదైనా ఆపరేషన్ ఉంటే ముందుగానే సర్జన్‌కి చెప్పండి, సాధారణంగా మూడు రోజుల ముందు ఆపుతారు.

వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ కూడా కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. జబ్బు పడిన రోజు ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి అన్నది ఒంట్లో బాగున్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు టెన్షన్‌లో ఎవరికీ ఏమీ గుర్తుకురాదు.

మరచిపోయిన డోసు కోసం తర్వాత రెండు కలిపి వేసుకోకండి. ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళ్లేవాళ్లు చిన్న అక్షరాలను మరీ జాగ్రత్తగా చూడాలి. ఒకే బిళ్లలో రెండు మూడు మందులు కలిపి వస్తున్నాయి. కంపెనీ పేర్లు వేరు, లోపల ఉన్నది మాత్రం రెండింట్లోనూ గ్లిమెపిరైడే అయితే, తెలియకుండానే రెట్టింపు డోసు పడుతుంది.

ఇప్పుడు మీ స్ట్రిప్పులన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే పేరు రెండుచోట్ల కనిపించినవాళ్లు ముందు నా దగ్గరికి రండి.