గోడ క్యాలెండర్ చెప్పిన జబ్బు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీకు ఒక క్యాలెండర్ గురించి చెబుతాను. మన వంటింట్లో మేకుకు వేలాడే క్యాలెండరే. తిథులు, రాహుకాలం, పాలు పోయించుకోని రోజులు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, అన్నీ దాని మీదే ఉంటాయి. మా చెల్లెలి కూతురికి పదమూడేళ్ళుగా ఉన్న జబ్బు ఏమిటో చివరికి అలాంటి క్యాలెండర్ చూశాకే డాక్టరుకు తట్టింది.

ఆ జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. తెలుగులో దీనికి వాడుకలో పేరు లేదు. పేరు లేదంటే జబ్బు లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నెలసరి వచ్చే వయసులో ఉన్న ప్రతి పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. మొత్తం 19 కోట్ల మంది. మన వీధిలో ఉన్నారు, మన ఆఫీసులో ఉన్నారు, ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలోనూ ఉన్నారు.

గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర పెరిగి, నెలసరిలో రాలిపోతుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగుల మీద, మూత్రాశయం మీద పెరిగితే అదే ఈ జబ్బు. అక్కడ వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, ఒక అవయవం ఇంకోదానికి అంటుకుపోతుంది. అండాశయంలో పాత రక్తం చేరి చిక్కగా, ముదురు గోధుమరంగులో నిలిస్తే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. ఎందుకు వస్తుందో పూర్తిగా తేలలేదు. తల్లికో అక్కకో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. నాకిచ్చిన సమయం తక్కువ కాబట్టి శాస్త్రం ఇంతటితో ఆపి మా అమ్మాయి దగ్గరికి వస్తాను. పేరు చెప్పొద్దంది, చెప్పను. విషయం మాత్రం చెప్పమంది.

పదో తరగతిలో మొదలైంది. నెలసరి వచ్చిన మొదటి రెండు రోజులు బడికి వెళ్ళలేకపోయేది. వేడినీళ్ళ సంచి పొట్టమీద పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకు పడుకునేది. మా చెల్లెలు వాము నీళ్ళు కాచి ఇచ్చేది. "ఆడపిల్లకి ఇవన్నీ మామూలే తల్లీ, ఓర్చుకోవాలి" అనేది. నేనూ అన్నాను. అవును, నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇంటర్‌లో ఒక రాత్రి నొప్పి తట్టుకోలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అపెండిసైటిస్ అన్నారు, ఆపరేషన్ చేశారు. నెల తిరిగేసరికి నొప్పి మళ్ళీ వచ్చింది. డిగ్రీలో గ్యాస్ట్రిక్ అన్నారు, మాత్రలు ఇచ్చారు. తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. స్కాన్ తీశారు. స్కాన్ నార్మల్. ఏడాది తర్వాత మళ్ళీ తీశారు. స్కాన్ నార్మల్. నొప్పి అలాగే ఉంది, స్కాన్ నార్మల్.

ఆ స్కాన్ పొట్టమీద జెల్ రాసి తీసింది. ఈ జబ్బులో పొట్టమీది స్కాన్‌కు చాలాసార్లు ఏమీ కనబడదు. యోని లోపలినుంచి తీసే స్కాన్‌లో ఎక్కువ తెలుస్తుంది. పెళ్ళికాని పిల్ల కాబట్టి అది చేయలేదు. సరే, కానీ అప్పుడు ఎం.ఆర్.ఐ. ఉందని, మలద్వారం నుంచి తీసే స్కాన్ కూడా ఉందని ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట. లోపలినుంచి తీసిన స్కాన్ కూడా నార్మల్ రావొచ్చు. స్కాన్ నార్మల్ అన్నంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. దీన్ని మళ్ళీ చెబుతాను. స్కాన్ నార్మల్ అన్నంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు.

"పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్ళి చేశాం. సర్దుకోలేదు. పైగా దాంపత్యంలోనూ నొప్పి మొదలైంది. కొత్త పెళ్ళికూతురు ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? అల్లుడు మంచివాడు కాబట్టి అతనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ నొప్పి తగ్గడానికి హార్మోను మాత్రలు రాశారు. రోజుకొకటి. నొప్పి నిజంగానే తగ్గింది. నెలసరి కూడా ఆగింది.

ఇక్కడ జరిగింది వినండి. రెండు నెలలు నెలసరి రాకపోయేసరికి వాళ్ళ అత్తగారు ఏమనుకుని ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. "ఏమైనా విశేషమా?" అని నెలనెలా అడుగుతున్న మనిషి. ఆ ఉదయం పాయసం చేశారు. పక్కింటావిడకు కూడా ఒక గిన్నెలో పంపారు. మా అమ్మాయి బాత్‌రూములోకి వెళ్ళి పరీక్ష చేసుకుంటే ఒకటే గీత వచ్చింది. పాయసం చల్లారిపోయింది. ఆ మాత్రలు నెలసరిని ఆపుతాయనీ, వేసుకుంటున్నన్నాళ్ళూ సాధారణంగా అండం విడుదల కాదనీ, అంటే గర్భం రాదనీ ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మాత్రలు తప్పు కాదు, నొప్పికి మంచి మందులే. పిల్లలు కావాలని ఎదురుచూస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పకుండా ఇవ్వడం తప్పు. ఏడు నెలలు అలా పోయాయి.

ఆ మాత్రలు ఆపేశాక నేను వెంటబెట్టుకుని విజయవాడలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పాత రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, "నొప్పి ఏ రోజుల్లో వస్తుందమ్మా?" అని అడిగారు. "ఎప్పుడూ ఉంటుంది మేడమ్" అంది ఇది. "ఎప్పుడూ అంటే?" అన్నారు. చెప్పలేకపోయింది. మనం ఎవరం చెప్పగలం? పోయిన నెల ఏ తేదీన తలనొప్పి వచ్చిందో నాకే గుర్తుండదు. "ఇంట్లో క్యాలెండర్ ఉందిగా, మూడు నెలలు దానిమీద రాసి తీసుకురా" అన్నారు.

రాసింది. నేను ఆ క్యాలెండర్ చూశాను. నెలసరి రోజులకు ఎర్ర పెన్నుతో సున్నా. కడుపునొప్పికి 'క', పక్కన పదికి ఎంతో ఒక అంకె. మలవిసర్జనలో నొప్పి ఉంటే 'మ'. కలయికలో నొప్పి ఉంటే ఒక చుక్క, చుక్క అంటే ఏమిటో దానికీ డాక్టరమ్మకే తెలుసు. నొప్పి మాత్ర వేసుకుంటే అడ్డగీత, రెండు వేసుకుంటే రెండు గీతలు. మా అమ్మాయి గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది, సెలవు పెట్టిన రోజుకి 'సె'. వీటి మధ్యలోనే పాలు అర లీటరు, ఏకాదశి, కరెంటు బిల్లు.

మూడు కాగితాలూ చించి డాక్టరమ్మ బల్ల మీద పరిచింది. ఆవిడ వేలు పెట్టి చూపించారు. నెలసరికి మూడు రోజుల ముందునుంచే 'క'. ఎర్ర సున్నాలు ఉన్న రోజుల్లోనే 'మ', మిగతా రోజుల్లో ఒక్క 'మ' కూడా లేదు. మూడు నెలల్లో తొమ్మిది 'సె'లు. "గ్యాస్ట్రిక్ అయితే దానికి నీ నెలసరి తేదీ ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. పదమూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

అదే రోజు లోపలి స్కాన్ చేశారు. గర్భసంచీ వెనకున్న పేగూ ఒకదానిమీద ఒకటి సులువుగా జారుతున్నాయా అని నెమ్మదిగా కదిపి చూస్తారట. మా అమ్మాయికి జారలేదు. గంజి పెట్టి ఆరేసిన చీర మడతల్లా అంటుకుపోయి ఉన్నాయి. ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది. జబ్బుకు పేరు దొరికింది. ఇది ఏడుస్తుందేమో అనుకున్నాను. "నేను నాటకాలు ఆడలేదు కదా పెద్దమ్మా" అంది.

ఇంతకుముందు జబ్బు నిర్ధారణకు పొట్టలో చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూడటమే, అంటే లాప్రోస్కోపీ మాత్రమే గట్టి ఆధారమనేవారు. 2022లో వచ్చిన యూరప్ వైద్యుల మార్గదర్శకాలు ఆ పద్ధతి మార్చాయి. లక్షణాలు, స్కాన్ చూసి కూడా వైద్యం మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. మన డాక్టర్లు కొందరు ఇప్పటికీ రక్తంలో సి.ఎ. 125 పరీక్ష రాస్తారు. అది నిర్ధారణకు పనికిరాదని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇప్పుడు అందరికీ భయమేసే విషయానికి వస్తాను. పిల్లలు పుడతారా?

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం రావడంలో ఇబ్బంది ఉండొచ్చని అంటారు. ఈ అంకె విని దిగులుపడేముందు రెండోవైపు చూడండి. చాలామంది మామూలుగానే తల్లులవుతున్నారు. పేరు వినగానే గొడ్రాలు అనే మాట ఎత్తేవాళ్ళు దయచేసి నోరు కట్టుకోండి. "ఒక కాన్పు అయితే జబ్బు పోతుంది" అన్న మాట కూడా నిజం కాదు. జబ్బు తగ్గడానికని గర్భం తెచ్చుకోమని ఆ మార్గదర్శకాలు కూడా చెప్పవు.

మేము సిస్ట్ కనబడిన కంగారులో ఇంకో ఆసుపత్రికి వెళ్తే "వచ్చే సోమవారం తీసేద్దాం" అన్నారు. సంతకం పెట్టే కాగితం కూడా చేతిలో పెట్టారు. మా అల్లుడు పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. "ఒకసారి ఆ మేడమ్‌ని అడుగుదాం అత్తయ్యా" అన్నాడు మా చెల్లెలితో. ఆ మూత మళ్ళీ పెట్టినందుకు ఆ అబ్బాయికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఎందుకో చెబుతాను. అండాశయం మీద సిస్ట్ తీసేటప్పుడు దాని గోడతో పాటు మంచి అండాలున్న కండ కూడా కొంత పోవచ్చు. ఆడపిల్ల పుట్టినప్పుడే అండాలు లెక్కగా వస్తాయి, తర్వాత కొత్తవి పుట్టవు. అందుకని పిల్లలు కావాలనుకునేవాళ్ళు కత్తి పెట్టకముందే ఎ.ఎమ్.హెచ్. అనే రక్త పరీక్ష చేయించుకోవాలి. అండాల నిల్వ ఎంత ఉందో అది అంచనా చెబుతుంది. భర్తకు వీర్య పరీక్ష జరగాలి. మన ఇళ్ళలో అది చివరికి జరుగుతుంది, మొదట్లోనే జరగాలి. నొప్పి చూసే డాక్టరు, సంతాన సాఫల్య డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఐ.వి.ఎఫ్., అంటే అండాన్ని బయట ఫలదీకరించి పిండం చేసే కేంద్రానికి వెళ్తే, అలాంటి కేంద్రాల కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడం మీ హక్కు.

మా అమ్మాయికి నిల్వ తక్కువగా ఉందని తేలింది. అందరూ కూర్చుని మాట్లాడుకుని, ముందు అండాలు తీసి, పిండాలు చేసి భద్రపరిచారు. రెండు నిలిచాయి. ఆ తర్వాతే ఆపరేషన్. పేగు దగ్గర పని ఉంది కాబట్టి పేగుల సర్జన్ కూడా థియేటర్‌లో ఉన్నారు. అందరికీ ఇదే దారి అని నేను అనను. నొప్పి తక్కువగా ఉన్నవాళ్ళకు ఆపరేషనే అక్కర్లేకపోవచ్చు. వయసు చిన్నదైతే కొన్నాళ్ళు మామూలుగా ప్రయత్నించమనొచ్చు. 35 దాటితే ఆరు నెలలకు మించి ఎదురుచూడొద్దంటారు. జబ్బు ఎన్నో స్టేజిలో ఉందన్నదాన్ని బట్టి నొప్పి ఎంతో చెప్పలేం, చిన్న మచ్చకే విలవిల్లాడేవాళ్ళు ఉన్నారు. ఎవరి దారి వాళ్ళది. కానీ దారి ఎంచుకునే ముందు డాక్టరు చెవిన పడాల్సిన మొదటి మాట, "నాకు పిల్లలు కావాలి" అని. లేదా "ఇప్పుడే వద్దు, తర్వాత కావాలి" అని. లేదా "వద్దు" అని. ఏదైనా సరే, గదిలోకి వెళ్ళి కూర్చోగానే చెప్పండి. ఆ మాటను బట్టి మందు మారుతుంది.

ఇక క్యాలెండర్. నేను ఈ పన్నెండు నిమిషాలూ అడిగి తీసుకుంది దానికోసమే. మీ ఇంట్లో నెలసరికి బడి మానేసే పిల్ల ఉంటే, ఆఫీసుకు సెలవు పెట్టే కోడలుంటే, ఈ నెలనుంచే రాయించండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. ఏ రోజు, ఎక్కడ, పదికి ఎంత, ఎన్ని మాత్రలు, ఏ పని ఆగిపోయింది. సిగ్గుపడే విషయాలకు చుక్క పెట్టుకోండి, మా అమ్మాయిలాగా. మూడు నెలల కాగితాలు చాలు. డాక్టరుకు మీతో మాట్లాడేందుకు అయిదు నిమిషాలే ఉన్నా, అది చూడటానికి అర నిమిషం పట్టదు. వినని డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి అదే కాగితాలు పట్టుకెళ్ళండి. ఇంట్లో మగవాళ్ళు కూడా వింటుంటే, ఆ గుర్తులు ఏమిటో మీరూ తెలుసుకోండి.

నిన్న రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆపరేషన్ అయ్యాక ఇది నాలుగో నెల. ఈ నెల 'క' ఒకటే ఉందట, 'సె' ఒక్కటీ లేదట. వచ్చే నెల గురువారం ఒక పిండాన్ని గర్భసంచిలో పెడతామని తేదీ ఇచ్చారు. ఫలితం ఎలా ఉంటుందో ఎవరూ మాట ఇవ్వలేదు, మా అమ్మాయి అడగలేదు కూడా. ఆ తేదీ దగ్గర తను ఏమీ రాయలేదట. పొద్దున్నే లేచి చూస్తే, వాళ్ళ అత్తగారు ఆ గడిలో చిన్న పసుపు బొట్టు పెట్టి ఉంచారట.

నమస్కారం.