వరద నీటి లెక్క: ఒండ్రులో కర్బనం, నత్రజని

అందరికీ నమస్కారం.

నా చేతిలో రెండు ఫిల్టర్లు ఉన్నాయి, చూడండి. రెండూ సన్నని గాజునారతో చేసిన గుండ్రని బిళ్లలు. ఒకే నది నీళ్లను, ఒకే చోట పట్టి, వేర్వేరు కాలాల్లో వడగట్టాం. ఈ లేత పచ్చ బిళ్ల నది సన్నగా పారే రోజులది. మందంగా బురద పేరుకున్న రెండోది వరద రోజుది. వీటిలో కర్బనం దేనిలో ఎక్కువ అని అడిగితే చాలామంది పచ్చదాన్నే చూపిస్తారు. శాతంలో చూస్తే వాళ్లు చెప్పింది నిజమే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రశాంతంగా పారే రోజున లీటరు నీటిలో 20 మిల్లీగ్రాముల మట్టి ఉందనుకోండి. అందులో 5 శాతం సేంద్రియ కర్బనం, అంటే 1 మిల్లీగ్రాము. వరద రోజున లీటరుకు 2,000 మిల్లీగ్రాముల మట్టి, అందులో కర్బనం అర శాతమే. అయినా 10 మిల్లీగ్రాములు వచ్చింది. పైగా ఆ రోజు నదిలో నీరు కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఏడాది పొడవునా నది మోసుకెళ్లే కర్బనంలో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతుంది. నీళ్లు తేటగా ఉన్నప్పుడు తీరిగ్గా వెళ్లి సీసా నింపుకొచ్చి, దాన్ని ఏడాదికంతటికీ హెచ్చవేసే పద్ధతి నాకు అసలు నచ్చదు.

మట్టి పెరిగేకొద్దీ కర్బనం శాతం ఎందుకు పడిపోతుంది? తేట నీటిలోకి వెలుతురు దిగుతుంది, సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. వరద వస్తే ఆ నాచు కొట్టుకుపోతుంది. గట్లు కోసుకుపోయి లోపలి మట్టి, కొండచరియల పొడి వచ్చి కలుస్తాయి. వాటిలో కర్బనం తక్కువ.

సీసాను ఎంత లోతులో ముంచామన్నది కూడా ముఖ్యమే. పైపొరలో సన్నని బంకమట్టి తేలుతుంది, అడుగున ఇసుక దొర్లుతుంది. బంకమట్టి రేణువులకు బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ. సేంద్రియ పదార్థంలో చాలా భాగం ఆ ఉపరితలాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. పైనుంచి మాత్రమే నీళ్లు పడితే కర్బనం శాతం అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక నత్రజని సంగతి. కర్బనం ఎంత ఉందో తెలిసినంత మాత్రాన అది ఎక్కడిదో తెలియదు. దాన్ని నత్రజనితో పోల్చి చూస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. నాచులో ప్రోటీన్ ఎక్కువ, కాబట్టి నత్రజని ఎక్కువ. సముద్రపు సూక్ష్మజీవుల్లో సగటున 106 కర్బన పరమాణువులకు 16 నత్రజని పరమాణువులు ఉంటాయని రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త చూపించారు. అంటే దాదాపు ఆరున్నరకు ఒకటి. నేలలోని సేంద్రియ పదార్థంలో బరువు ప్రకారం ఈ నిష్పత్తి సాధారణంగా 10, 12 దగ్గర ఉంటుంది. రాలిన ఆకుల్లో 20 దాటుతుంది, చెక్కలో వందల్లోకి పోతుంది.

వినడానికి తేలిగ్గా ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. మొదట్లో ఒక నమూనాలో నిష్పత్తి 25 దాటితే, ఇదంతా అడవి ఆకుల నుంచి వచ్చిందని రిపోర్టులో రాసేశాను. ఆ మట్టిలో సున్నపురాయి పొడి ఉంది. సున్నపురాయి బరువులో 12 శాతం కర్బనమే. మట్టిలో అది పదోవంతు ఉన్నా 1.2 శాతం కర్బనం అదనంగా లెక్కలోకి వచ్చేస్తుంది. దాన్ని యాసిడ్‌తో తొలగించాకే సేంద్రియ కర్బనం కొలవాలి. యాసిడ్‌తో కడిగితే కొంత నత్రజని కూడా పోవచ్చు కాబట్టి, నత్రజనిని యాసిడ్ తగలని మరో భాగంలో కొలవడం మంచిది. ఆ రిపోర్టు మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తప్పు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. బంకమట్టి పొరల మధ్య కొంత నత్రజని అమ్మోనియం రూపంలో ఇరుక్కుని ఉంటుంది. అది ఏ ఆకుదీ కాదు, ఏ నాచుదీ కాదు. మిషన్ మాత్రం మొత్తం నత్రజనిని కలిపే చూపిస్తుంది. కర్బనం 0.3 శాతం, నత్రజని 0.05 శాతం వచ్చాయనుకోండి. నిష్పత్తి 6, నాచు అనిపిస్తుంది. ఆ 0.05లో 0.02 మట్టిలో ఇరుక్కున్న అమ్మోనియానిదైతే, మిగిలిన 0.03తో నిష్పత్తి 10 అవుతుంది. ఇప్పుడది మామూలు నేలమట్టి. కర్బనం తక్కువగా ఉండే వరద బురదలోనే ఈ పొరపాటు ఎక్కువ. చాలా నమూనాల కర్బనం, నత్రజనులను గ్రాఫ్ మీద పెట్టి గీత గీస్తే, కర్బనం సున్నా అయిన చోట కూడా కొంత నత్రజని మిగిలిందా అన్నది చూడవచ్చు. మిగిలితే అనుమానించాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కర్బనం ఎక్కడిదన్న దాన్ని బట్టి దాని అర్థమే మారిపోతుంది. 2015లో వచ్చిన ఒక అంచనా ప్రకారం, ప్రపంచ నదులు ఏటా సుమారు 20 కోట్ల టన్నుల సేంద్రియ కర్బనాన్ని మట్టితో కలిపి సముద్రానికి చేరుస్తున్నాయి. అందులో దాదాపు ఐదోవంతు పాత రాళ్లలోంచి వచ్చింది. మిగిలింది మొక్కలు, నేలల నుంచి వచ్చింది. మొక్క గాలిలోంచి తీసుకున్న కర్బనం సముద్రం అడుగున పూడితే ఆ మేరకు గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు. రాతి కర్బనం తిరిగి పూడితే గాలిలో కొత్తగా తగ్గేదేమీ లేదు. దారిలో అది ఆక్సిజన్‌తో కలిసిపోతే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది కూడా. ఈ రెండింటినీ వేరు చేయడానికి నిష్పత్తి చాలదు, రేడియోకార్బన్, అంటే కాలంతో పాటు తరిగిపోయే కర్బన రకం, కొలవాలి. దాని అర్ధాయుష్షు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. కోట్ల ఏళ్ల నాటి రాతి కర్బనంలో అది మిగలదు.

చేరిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున వేగంగా పూడిపోతుంది, అందులోని కర్బనం చాలావరకు నిలుస్తుంది. అమెజాన్ ముఖద్వారం దగ్గర బురద మళ్లీ మళ్లీ కదులుతూ ఆక్సిజన్ తగులుతుండడంతో, సగానికి పైగా కర్బనం పూడకముందే కుళ్లి కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది.

మధ్యలో మనం ఆనకట్టలు కట్టాం. మనుషుల వల్ల నేలకోత ఏటా 230 కోట్ల టన్నులు పెరిగిందని, అయినా తీరానికి చేరే ఒండ్రు 140 కోట్ల టన్నులు తగ్గిందని 2005 నాటి ఒక అధ్యయనం లెక్కకట్టింది. తేడా అంతా జలాశయాల్లో ఉంది. ఏళ్ల తరబడి పేరుకున్నది పది వేల కోట్ల టన్నులకు పైగా పూడిక, దానితో 100 నుంచి 300 కోట్ల టన్నుల కర్బనం. అక్కడ అది ఊరికే పడి ఉండదు. ఆక్సిజన్ అందని అడుగున కొంత మీథేన్‌గా మారి పైకి వస్తుంది. నత్రజని అమ్మోనియంగా నీటిలోకి దిగుతుంది. మట్టి దిగిపోయి తేటపడ్డ పైనీటిలో ఆ నత్రజనిని తాగి నాచు పెరుగుతుంది. ఆనకట్ట దిగువన నీళ్లు పట్టి వడగడితే, వరద కాలంలో కూడా ఫిల్టర్ ఇలా పచ్చగానే కనిపించవచ్చు.